మూరెడు దూరం

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ ఆఫీసు.
గుమ్మం దాటగానే మూడు తుమ్ములు,
ఈ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా నా కాలింగ్ బెల్లు అదే.

సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీశాను.
ఇటుకంత బరువు. బ్యాటరీ చచ్చి ఏళ్ళయింది,
పలుపు వేసిన గేదెలా
ప్లగ్గు చుట్టూనే తిరగాలి.
అరండల్‌పేటలో ఎవరో తూకానికి అమ్ముతుంటే
అడ్డం పడి కొన్నాను,
పక్కనున్న ఆ చిన్న కిటికీ కోసం:
ఎండిన తేజ కాయ తొక్క రంగులో
గోరంత ప్లాస్టిక్ ముక్క.
ఇప్పటి మిషన్లకి ఆ కన్ను లేదు.

మూడో గది గోడ నుంచి ఊడదీసిన డబ్బా బల్ల మీద ఉంది.
ఏ గంటకి ఎంత చల్లనో రాసుకునే డబ్బా.
వైరు దూర్చే కన్నం లేదు,
దానికీ అలాంటి ఎర్ర కన్నే.
ఎదురుగా నిలబడి చూస్తేనే మాట్లాడుతుంది.

"ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతున్నారు నాగూరూ,
అందులో ఏముందో కాగితమ్మీద కావాలి"
అన్నారు సాంబిరెడ్డి గారు.
పన్నెండొందల టిక్కీలు.
పేపరు మీద గుప్పెడు కాయలు,
ఎరుపు దిగిపోయి తాలు రంగుకి తిరిగినవి.
గేటు బయట లారీ నీడలో రైతులు.

ముందు బయోస్‌లోకి దిగాలి.
స్విచ్చి నొక్కీ నొక్కగానే ఎఫ్ టూ,
రెప్పపాటు ఆలస్యమైతే మళ్ళీ మొదటికి.
నీలం తెర. ఇన్‌ఫ్రారెడ్, డిజేబుల్డ్.
ఫ్యాక్టరీలోంచే కళ్ళు మూసి పంపారు దీన్ని.
తెరవమని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబోలు.
కామ్ టూ ఇచ్చాను.
ఆ కుర్చీలో మోడెం ముందే కూచుని ఉంది, లేపాను.
డ్రైవర్ సీడీ కావాలంది.
గీతలు పడ్డ సీడీని చొక్కా అంచుతో తుడిచి పెట్టాను,
రెండోసారికి మింగింది.

"ట్యూబ్‌లైటు ఆర్పు యలమందా,
దాని వెలుగు ఈ వెలుగుని చెడగొడుద్ది."
"ఏ వెలుగు?"
ఫోన్ కెమెరా పెట్టి చూపించాను,
తెర మీద వంగపువ్వు రంగు చుక్క
మిణుకుమంటోంది.
ఫోను పక్కకి జరిపి ఉత్త కంటితో చూశాడు. ఏమీ లేదు.
మళ్ళీ ఫోన్లోంచి. మళ్ళీ ఉత్త కంటితో.

పదకొండేళ్ళ నైట్ డ్యూటీ అతనిది.
రిజిస్టరు అతని చంకలోనే ఉంది.
రెండింటికి ఆరు డిగ్రీలు, నాలుగింటికి ఆరు డిగ్రీలు,
ప్రతి ఆరుకీ ఒకే వంపు.

డబ్బా కంటి మీద పేరుకున్న కారం తుడిచాను.
రెండింటినీ ఎదురెదురు పెట్టాను, మూరెడు దూరంలో.
ముట్టుకోకూడదు. పక్క చూపు చూడకూడదు.
కీచుమంది, గుర్తుపట్టుకున్నాయి.
స్పీడు బాగా తగ్గించాను,
ముసలివాళ్ళ చేత మాట్లాడించేటప్పుడు
తొందర పనికిరాదు.

వరసలు దిగుతున్నాయి.
ఆరు. ఆరు. ఆరున్నర. ఆరు.
మే పంతొమ్మిది, తొమ్మిది.
మే ఇరవై, పన్నెండు.
ఇరవై ఒకటి

ఆగింది.
అలవాటు కొద్దీ కేబుల్ కోసం చూశాను.
కేబుల్ ఎక్కడిది?
రెండు కళ్ళ మధ్య యలమంద చెయ్యి,
ఏదో అందుకోబోయి మర్చిపోయినట్టు
నిటారుగా నిలబడి ఉంది.

కాసేపు ఓపిక పడుతుందీ లింకు,
ఆ తర్వాత అవతలివాణ్ణి మర్చిపోతుంది.
తెర మీద సెకన్లు తగ్గుతున్నాయి.

"కంప్రెసర్ ఆపమన్నదెవరో కూడా
ఆ డబ్బాలో ఉంటదా?"
నన్నే అడిగాడు. నావైపు చూడలేదు.
సాంబిరెడ్డి గారు క్యాలెండరులో
ఏదో తిథి వెతుకుతున్నారు.

"డిగ్రీలే ఉంటాయి" అన్నాను.

ఏడు సెకన్లు. ఆరు.
చెయ్యి తీశాడు.

ఇరవై ఒకటి, పదహారు.
ఇరవై రెండు, పద్దెనిమిది.

నాకు తుమ్మొచ్చింది.
బల్ల కదులుతుందేమోనని
ముక్కు గట్టిగా పట్టుకుని కూచున్నాను.